మా ఆఫీసు నెట్‌వర్క్‌ను దారికి తెచ్చిన వైనం

విశాఖ వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో మా ఆఫీసు ఉంది. ఓడల్లో దిగే సరుకుకు కస్టమ్స్ పత్రాలు తయారుచేయడం, సుంకం కట్టించడం, సరుకు పోర్టు గేటు దాటేదాకా వెంట ఉండడం మా పని. ఇరవై దాకా కంప్యూటర్లు, మూడు ప్రింటర్లు, లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచే ఒక సర్వర్, స్కాన్ చేసిన కాగితాలు దాచే ఒక స్టోరేజ్ పెట్టె మా ఆస్తి. నేను చేరింది అకౌంట్స్‌లో. ఒకసారి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా బయటికి తీశాను. ఆ రోజు నుంచి ఆఫీసులో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ నా పద్దులోనే పడింది.

ఏడాది కాంట్రాక్టు మీద ఒక టెక్నీషియన్ ఉండేవాడు. పిలిస్తే గాజువాక నుంచి రావాలి. అతను వచ్చేసరికి సమస్య దానంతట అదే పోయేది, లేదా రౌటర్‌ను ఒకసారి ఆపి వేస్తే పోయేది. కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. మర్నాడు కథ మళ్లీ మొదటికి వచ్చేది. అతని తప్పేమీ లేదు. కళ్ల ముందు లేని జబ్బుకు ఎవరు మాత్రం వైద్యం చేస్తారు?

ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ ఒకటే: నెట్ రావడం లేదు. తీరా దగ్గరికి వెళ్లి చూస్తే ఒకరికి లెక్కల సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, ఇంకొకరికి ప్రింటు రాదు, మరొకరికి కస్టమ్స్ పోర్టల్ ఒక్కటే రాదు గానీ మిగతావన్నీ వస్తాయి. వీటన్నింటికీ మేము చేసే పని రౌటర్ రీస్టార్ట్ చేయడం. నాకు అది మొదటి నుంచీ నచ్చేది కాదు. రీస్టార్ట్ చేస్తే పని జరుగుతుంది, నిజమే. కానీ ఎందుకు ఆగిందో చెప్పే ఆధారం కూడా దాంతోనే తుడిచిపెట్టుకుపోతుంది. ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడు తేడా మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం లాంటిదే ఈ రీస్టార్ట్. తేడా ఎక్కడికీ పోదు.

అందుకని ఇన్‌వార్డ్ రిజిస్టరు పక్కనే ఇంకో రిజిస్టరు పెట్టాను. ఎవరి కంప్యూటర్, ఎన్ని గంటలకు, ఆ సమయంలో ఏం చేస్తున్నారు, తెర మీద ఏమని రాసి ఉంది, పక్క కంప్యూటర్‌లో అదే పని అవుతోందా లేదా. ఇంతే. మొదట అందరూ విసుక్కున్నారు. "నెట్ రాలేదని చెబితే చాలదా, దానికి కూడా అర్జీ పెట్టాలా?" అన్నారు మా పెద్ద అకౌంటెంటు గారు. చివరి ప్రశ్న ఒక్కటైనా చూసి చెప్పండి సార్ అని బతిమాలుకున్నాను. నిజానికి సగం పని ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతుంది. పక్క కంప్యూటర్‌లోనూ రాకపోతే లోపం ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది, అంటే స్విచ్చు (అందరి నెట్ కేబుళ్లూ వచ్చి కలిసే పెట్టె), రౌటర్, బయటి లైను. పక్కదానిలో వస్తుంటే ఈ బల్ల దగ్గరే ఉంది.

రిజిస్టరు కొన్ని పేజీలు నిండేసరికి ఒక వింత బయటపడింది. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి కంప్యూటర్ వేసుకునేవారికి రోజంతా ఇబ్బంది ఉండదు. పోర్టులో డాక్ దగ్గర పని చూసుకుని పదకొండు దాటాక ఆఫీసుకు వచ్చే కుర్రవాళ్లకే కష్టమంతా. వాళ్లు లాప్‌టాప్‌కు కేబుల్ పెట్టగానే నెట్ లేదు, సర్వర్ లేదు, ప్రింటర్ లేదు. అంతకుముందే ఆఫీసులో ఒక మాట పుట్టింది: పోర్టులో తిరిగే లాప్‌టాప్‌లకు వైరస్ పట్టిందని. పాపం, వాళ్ల పెన్‌డ్రైవ్‌లను కూడా ఎవరూ ముట్టుకునేవారు కారు.

ఒక రోజు అలా వచ్చిన లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయనివ్వకుండా పట్టుకుని కూర్చున్నాను. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నెట్‌వర్క్‌లో ఆ లాప్‌టాప్ అడ్రసేమిటో చూడడానికి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాను. మా ఆఫీసులో అడ్రసులన్నీ 192.168.10తో మొదలవుతాయి, గేట్‌వే, అంటే బయటి లైనుకు దారి చూపే అడ్రసు, 192.168.10.1. ఈ లాప్‌టాప్‌లో ఉన్నది 192.168.0.104, గేట్‌వే 192.168.0.1. పొద్దుటి నుంచి బాగా పనిచేస్తున్న పక్క కంప్యూటర్‌లో చూస్తే సరైన అడ్రసే ఉంది. అంటే లాప్‌టాప్‌కు వైరస్ కాదు, ఎవరో తప్పుడు చిరునామా ఇస్తున్నారు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి రాగానే నాకొక అడ్రసు ఇవ్వండని అందరికీ వినబడేలా అడుగుతుంది. ఆ అడ్రసులు పంచే ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. మామూలుగా ఆఫీసుకు ఒకే రౌటర్ ఆ పని చేస్తుంది. అదే తీగల మీద ఇంకో పంపిణీదారు కూడా ఉంటే, కొత్తగా అడిగిన కంప్యూటర్ సాధారణంగా ఎవరి జవాబు ముందు అందితే వారి దగ్గరే తీసుకుంటుంది. పొద్దున్నే వచ్చినవారు అసలు రౌటర్ నుంచి అడ్రసు తీసుకున్నారు. గడువు సగానికి వచ్చినప్పుడు దాన్ని పొడిగించుకోవడానికి కంప్యూటర్ నేరుగా ఆ రౌటర్‌నే అడుగుతుంది కాబట్టి వాళ్లకు మధ్యలో ఎవరూ అడ్డురారు. ఆలస్యంగా వచ్చినవారు మాత్రం దొంగ పంపిణీదారు చేతికి చిక్కుతున్నారు. ఆ పంపిణీదారు పదిన్నర, పదకొండు మధ్య మేలుకుంటున్నాడన్నమాట.

ఆ వేళకు ఆఫీసులో మేలుకునేది ఏమిటి? మేనేజరు గారి కేబిన్. ఆయన రాగానే అటెండరు కేబిన్ మెయిన్ స్విచ్చు వేస్తాడు.

అనుమానం వచ్చినంత మాత్రాన మేనేజరు గారి గదిలోకి దూరి వెతకలేం కదా. ముందు రుజువు కావాలి. ఆ లాప్‌టాప్‌లో 192.168.0.1కి ఆగకుండా పింగ్ (ఉన్నావా అని అడిగి జవాబు కోరే చిన్న సందేశం) పెట్టి తెర నావైపు తిప్పుకున్నాను. జవాబులు వరుసగా పడుతున్నాయి. స్టూలు ఎక్కి స్విచ్చు నుంచి ఒక్కో కేబుల్ పీకుతూ, తెర చూస్తూ, మళ్లీ పెడుతూ పోయాను. ఎవరి కేబుల్ పీకే ముందు వాళ్లకు చెప్పి, పని సేవ్ చేసుకోనిచ్చాను. ఒక కేబుల్ పీకగానే జవాబులు ఆగిపోయాయి. పెట్టగానే మళ్లీ మొదలయ్యాయి. దాని మీద పాత సెలోటేపు, సగం చెరిగిపోయిన బాల్‌పెన్ను రాత: కేబిన్.

కేబిన్‌లో బీరువా వెనుక చిన్న ఇంటి రౌటర్ దొరికింది. ఆయన ఫోనుకు వైఫై అందడం లేదని ఎప్పుడో ఎవరో తెచ్చి పెట్టారు. అప్పట్లో కేబుల్‌ను బయటి లైనుకని ఉద్దేశించిన వ్యాన్ పోర్టులోనే (పోర్టు అంటే ఇక్కడ కేబుల్ దూర్చే రంధ్రం) పెట్టి ఉంటారు, అందుకే ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. సంక్రాంతికి కేబిన్‌కు రంగులు వేసినప్పుడు అన్నీ ఊడదీసి, తిరిగి పెట్టేటప్పుడు కేబుల్‌ను పక్కనున్న, లోపలి కంప్యూటర్ల కోసం ఉండే ల్యాన్ పోర్టులో పెట్టారు. దాంతో ఆ బుల్లి రౌటర్ తన గదికే పరిమితం కాకుండా ఆఫీసు మొత్తానికి అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. దానికి బయటి లైను లేదు కాబట్టి దాని గేట్‌వే ఎక్కడికీ దారి చూపదు. సర్వర్, ప్రింటర్లు వేరే వరుసలో ఉన్నాయి కాబట్టి అవీ కనబడవు.

"ఈమధ్య ఇక్కడ ఏమైనా మార్చారా సార్?" అని అంతకుముందే మేనేజరు గారిని అడిగాను. "ఏమీ మార్చలేదయ్యా, రంగులు వేయించామంతే" అన్నారు. ఏదీ మారలేదన్న మాట నేను ఎవరి దగ్గర విన్నా ఇప్పుడు అలాగే వింటాను: ఏదో మారింది, అది వాళ్ల దృష్టిలో మార్పు కాదు.

ఆ రౌటర్‌ను పారేయనవసరం లేదు. లోపల డీహెచ్‌సీపీని ఆపేసి, దానికి 192.168.10.2 అని మా వరుసలోని అడ్రసు ఒకటి స్థిరంగా ఇచ్చి, కేబుల్‌ను ల్యాన్ పోర్టులోనే ఉంచాను. ఇప్పుడది ఒట్టి వైఫై కేంద్రం. మేనేజరు గారి ఫోనూ పనిచేస్తోంది, డాక్ కుర్రవాళ్ల పరువూ నిలిచింది.

దీంతో రిజిస్టరులో ఫిర్యాదులు చాలావరకు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. మూల బల్ల దగ్గర డెలివరీ ఆర్డర్లు చూసే అమ్మాయి కంప్యూటర్ అప్పుడప్పుడు 169.254తో మొదలయ్యే అడ్రసు చూపించేది. ఇది వేరే కథ. అడ్రసు అడిగితే ఎవరూ జవాబు ఇవ్వనప్పుడు కంప్యూటర్ తనకు తానే ఆ వరుసలో ఒక అడ్రసు పెట్టుకుంటుంది. ఆ సంఖ్య కనబడిందంటే రౌటర్ దాకా మాట చేరలేదని అర్థం. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా తీగ వెంట నడవాలి.

తీగ వెంట నడిస్తే స్విచ్చు పెట్టె దగ్గర తేలాను. అది వెంటిలేటర్ పక్కన, సీలింగ్‌కు జానెడు కింద ఉంది. అంత ఎత్తున ఎందుకు పెట్టారయ్యా అంటే పాతవాళ్లు హుద్‌హుద్ సంగతి చెప్పారు. 2014 అక్టోబరు 12న తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజు కిటికీల్లోంచి నీళ్లు లోపలికి కొట్టి, కింద బల్ల మీదున్న పెట్టె తడిసిపోయిందట. మళ్లీ తడవకూడదని పైకెక్కించారు. నీళ్ల నుంచి తప్పించారు సరే, అప్పటి నుంచి సముద్రపు గాలి నేరుగా దాని ముఖాన్నే కొడుతోంది. ఆ అమ్మాయి కేబుల్ పీకి ఫోను లైటు వేసి చూస్తే, కనెక్టర్‌లోని ఎనిమిది పిన్నుల్లో మూడింటి అంచున పచ్చటి చిలుము. బంగారు రంగు ఉండాల్సిన చోట మట్టి రంగు. మా ఊళ్లో ఏసీ బయటి పెట్టెల తుప్పు చూసిన వారికి ఇది వింతగా అనిపించదు.

కనెక్టర్ కత్తిరించి కొత్తది వేయడం నేర్చుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. కనెక్టర్‌ను కేబుల్‌కు నొక్కి బిగించే క్రింపింగ్ టూలు, కనెక్టర్ల పొట్లం, చిన్న టెస్టరు ద్వారకానగర్‌లో కొన్నాను. పై తొడుగు అంగుళం మేర తీస్తే నాలుగు జతల తీగలు మెలిపడి ఉంటాయి. మెలి విప్పి వరుసగా పేర్చాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. మధ్యలో నీలం జత ఆకుపచ్చ జతను విడదీస్తుంది. తొందరలో చాలామంది తడబడేది అక్కడే. కొసలు సమంగా కత్తిరించి, కనెక్టర్ చివరిదాకా తోసి, ఎనిమిది రాగి చుక్కలూ ఎదురుగా కనబడుతున్నాయో లేదో చూసి నొక్కాలి. పై తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లాలి, లేకపోతే లాగినప్పుడు బరువంతా సన్నటి తీగల మీదే పడుతుంది.

అలా విప్పినప్పుడే ఇంకో సంగతి తెలిసింది. పాత కేబుల్ తీగను గోటితో గీస్తే రాగి పూత లేచి లోపల వెండి రంగు బయటపడింది. అది అల్యూమినియం మీద రాగి పూసిన సరుకు. చవకగా వస్తుంది, వంపుల దగ్గర పుటుక్కుమంటుంది. మరీ చిక్కేమిటంటే, నీలం, గోధుమ జతల్లో ఒకటి తెగినా అది పూర్తిగా ఆగదు. సెకనుకు 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు, అంటే వెయ్యి మెగాబిట్లకు, నాలుగూ కావాలి. ఆ రెంటిలో ఒక జత పోతే వేగం చడీచప్పుడూ లేకుండా పదో వంతుకు పడిపోతుంది. మెయిలు వస్తుంది, పోర్టల్ తెరుచుకుంటుంది, వంద పేజీల స్కాను ఫైలు మాత్రం ఎంతకీ తెరుచుకోదు. సర్వర్ పాతబడిందని అందరూ తీర్మానించేస్తారు. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ స్టేటస్ తెరిచి స్పీడు ఎంత ఉందో చూడడానికి అరనిమిషం చాలు. చూస్తే ఆరు కంప్యూటర్లు అలా 100 దగ్గర నడుస్తున్నాయి. వాటికి అసలు రాగి కేబుల్ లాగించాం. స్విచ్చు పెట్టెను వెంటిలేటర్ నుంచి లోపలి గోడకు మార్చాం, నీళ్లు తగలని ఎత్తులోనే.

డీఎన్ఎస్ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. గూగుల్ వారి 8.8.8.8 అడ్రసుకు పింగ్ వెళ్తూ, పేరుతో మాత్రం ఏ సైటూ తెరుచుకోకపోతే లైను బాగున్నట్టే. పేరును అంకెల అడ్రసుగా మార్చే చోటే, అంటే డీఎన్ఎస్ దగ్గరే, లోపం. మా దగ్గర అలా ఒక్క లాప్‌టాప్‌కే జరిగింది. దాని యజమాని పాత ఉద్యోగంలో ఎవరో చేత్తో పెట్టిన డీఎన్ఎస్ అడ్రసు అలాగే ఉండిపోయింది. ఆటోమేటిక్‌కు మార్చాను, అయిపోయింది.

తేదీ గొడవ అంతకన్నా చిత్రమైనది. ప్రతి సోమవారం పొద్దున ఒక పాత కంప్యూటర్‌లో కస్టమ్స్ పోర్టల్, బ్యాంకు సైటు, మెయిలు, ఏదీ తెరుచుకునేది కాదు. పింగ్ చేస్తే అన్నీ పలికేవి. బ్రౌజర్ ఎర్రటి హెచ్చరిక చూపిస్తోంది, కానీ ఎవరూ చదవడం లేదు. కుడివైపు మూల చూస్తే గడియారం 2015 జనవరి ఒకటో తేదీ అంటోంది. ప్రతి సురక్షిత సైటుకూ ఒక ధ్రువపత్రం, దానికి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. కంప్యూటర్ తాను 2015లో ఉన్నాననుకుంటే, ఇంకా పుట్టని పత్రాన్ని నమ్మనంటుంది. ఆదివారం మెయిన్ ఆపేసి వెళ్తాం కాబట్టి గడియారం నడిపించాల్సింది మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ. అది ఎప్పుడో చచ్చింది. సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది, మూడు వోల్టులు, గడియారాల కొట్లోనూ దొరుకుతుంది. డిజిటల్ సంతకం టోకెన్లతో పనిచేసే మాలాంటి ఆఫీసుల్లో తేదీ తప్పితే పత్రాల దాఖలు కూడా ఆగిపోతుంది, అక్కడ ఆలస్యమంటే డబ్బే.

ప్రింటర్ల గురించి రాయమంటే ఒక గ్రంథమే అవుతుంది. క్లుప్తంగా: మా ప్రింటర్లు కూడా రౌటర్ దగ్గర అడ్రసు అడుక్కునేవి. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి వేరే అడ్రసు దొరికేది. కంప్యూటర్లు పాత అడ్రసుకే పంపుతూ ప్రింటర్ ఆఫ్‌లైన్ అనేవి. రౌటర్‌లో ఒక్కో ప్రింటర్‌కు ఒక అడ్రసు రిజర్వు చేశాక ఆ పేచీ తీరింది. క్యూలో ఒక ఫైలు ఇరుక్కుని డిలీట్ కూడా కాకపోతే ప్రింట్లను వరుసలో పెట్టే స్పూలర్ సర్వీసును ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో స్పూల్ కింద ఉండే ప్రింటర్స్ ఫోల్డర్‌ను ఖాళీ చేసి, సర్వీసును మళ్లీ వేయాలి. ఎవరి ప్రింటు పోతుందో ముందే అరిచి చెప్పడం మర్యాద.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగియడంతో కొన్ని కొత్త కంప్యూటర్లు కొన్నాం. అవి వచ్చిన రోజే గొడవ. కొత్తవాటిలో స్టోరేజ్ పెట్టెలోని ఉమ్మడి ఫోల్డర్ తెరవబోతే, పేరూ పాస్‌వర్డూ లేని అతిథి ప్రవేశాన్ని మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయని సందేశం వచ్చింది. స్కానింగు చూసే కుర్రాడు బెదిరిపోయి, తనను ఎవరో నిషేధించారనుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన నన్ను పిలిచి, "మనకు భద్రతా విధానం ఎప్పుడు పెట్టావయ్యా?" అన్నారు.

మేము పెట్టలేదు, విండోస్ 11లో వచ్చింది. మా స్టోరేజ్ పెట్టె ఇన్నేళ్లుగా పాస్‌వర్డు లేకుండా ఎవరడిగితే వారికి తలుపు తీసేది. కొత్త విండోస్ ప్రో అలాంటి తలుపులోంచి వెళ్లడానికి డిఫాల్టుగా ఒప్పుకోదు. ఇంటర్నెట్‌లో వెతికితే పది వీడియోలు ఒకే ఉపాయం చెబుతాయి: ఫలానా సెట్టింగ్ మార్చేసి అతిథి ప్రవేశానికి అనుమతి ఇచ్చేయండి. రెండు నిమిషాల పని. నేను చేయలేదు. ఖాతాదారుల దిగుమతి పత్రాలు, పాన్ కాపీలు, బ్యాంకు వివరాలు ఉన్న పెట్టె అది. ఏ ఫోను వైఫైలోకి వచ్చినా అవన్నీ చదవగలిగే ఏర్పాటును నేనే నిలబెట్టడమేమిటి? పెట్టెలో ఒక్కొక్కరికి పేరూ పాస్‌వర్డూ సృష్టించి, ఎవరికి ఏ ఫోల్డర్ కావాలో మేనేజరు గారి చేత కాగితం మీద రాయించి, ఆ ప్రకారం అనుమతులిచ్చాను. ఒక రోజంతా పట్టింది, అందరి సణుగుడూ విన్నాను. ఫైలు ఎవరు చెరిపారో తెలిసే వీలు కలగడంతో, ఫైళ్లు మాయమవడం కూడా ఎందుకో తగ్గింది.

ఉమ్మడి ఎక్సెల్ ఫైలు సంగతి అందరికీ తెలిసిందే. ఒకరు తెరిచి భోజనానికి వెళ్తే మిగతావారికి చదవడానికే తప్ప రాయడానికి వీలుండదు. ఎవరు తెరిచి ఉంచారో సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ కింద షేర్డ్ ఫోల్డర్స్‌లో కనబడుతుంది. అక్కడి నుంచే మూసేయవచ్చు కూడా. నేను మూయను. వెళ్లి పిలుచుకొస్తాను, సేవ్ చేయని పని ఎవరిదైనా పనే.

కూలీల సంఘానికి రాసే లేఖలు తెలుగులో ఉంటాయి. వాటిని బయట డీటీపీ కొట్టులో టైపు చేయిస్తే, ఫైలు మా దగ్గర తెరిచినప్పుడు తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల గజిబిజి కనబడేది. ఫైలు పాడైందని పారేయబోయారు. అది పాడవలేదు. 'అను' లాంటి పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు ముఖం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని చోట ముఖం ఊడిపోతుంది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు తన సొంత సంకేతాలున్నాయి. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మల వంటి ఫాంట్లలో ఎక్కడైనా చదవవచ్చు. అచ్చుకు ఎలాగూ మీ ఇష్టం, మెయిలు చేసేది మాత్రం యూనికోడ్‌లో ఇవ్వండని కొట్టు ఆయనకు చెప్పాం. కన్వర్టర్‌తో మార్చి ఇస్తున్నాడు. ఒత్తులు అక్కడక్కడ జారిపోతాయి, ఒకసారి చదివి సరిచేసుకోవాలి.

చెప్పడానికి అన్నిటికన్నా సరదాగా ఉండేది, జరిగేటప్పుడు తలప్రాణం తోకకు తెచ్చినది ఆయుధ పూజ మర్నాటి ఉదంతం. పండగ ముందు కంప్యూటర్లూ బల్లలూ తుడిచి, స్విచ్చు పెట్టెతో సహా అన్నింటికీ గంధం, కుంకుమ బొట్లు పెట్టారు. సెలవు తర్వాత ఆఫీసు తెరిస్తే మొత్తం చచ్చి ఉంది. ఒకరిద్దరికి కాదు, అందరికీ. ఇంటర్నెట్టే కాదు, పక్క గదిలోని సర్వర్ కూడా పలకదు. స్విచ్చు మీద చూస్తే కుంకుమ బొట్టు పక్కన పచ్చ దీపాలన్నీ ఒకే తాళంలో, ఊపిరాడకుండా కొట్టుకుంటున్నాయి. మామూలుగా ఎవరి పనిని బట్టి వాళ్ల దీపం వెలుగుతుంది. అన్నీ ఒకేసారి అంత వేగంగా వెలుగుతున్నాయంటే ఒకే సందేశం గుండ్రంగా తిరుగుతోందని అనుమానించాలి.

ఇలాంటప్పుడు ఒక్కో కేబుల్ చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నం అవుతుంది. సగం కేబుళ్లు ఒకేసారి పీకేశాను. దీపాలు అలాగే ఉన్నాయి. అంటే దోషి మిగిలిన సగంలో ఉన్నాడు. అందులో మళ్లీ సగం. దీపాలు శాంతించాయి. ఇప్పుడు పీకినవాటిలో ఉన్నాడు. అలా రెండు కేబుల్ మొనలు చేతిలో మిగిలాయి, తీరా చూస్తే ఆ రెండూ ఒకే తీగ కొసలు. ఎవరి బల్లకో వాడి వదిలేసిన పొట్టి కేబుల్ ఒకటి స్విచ్చు నుంచి వేలాడుతుండేది. తుడిచేటప్పుడు అది అసహ్యంగా ఉందని, వేలాడే కొసను కూడా ఖాళీ పోర్టులో పెట్టి చక్కగా సర్దారు. అందరికీ పంపే సందేశం ఒక పోర్టులోంచి బయటికి వెళ్లి రెండో పోర్టులోంచి లోపలికి వచ్చి, మళ్లీ అందరికీ వెళ్లి, అలా అంతులేకుండా పెరిగిపోయింది. వలయాన్ని పసిగట్టి దారి మూసే తెలివి కొన్ని స్విచ్చులకు ఉంటుంది. మాది ఆ తరగతిది కాదు. అటెండరును ఎవరూ ఏమీ అనలేదు, శుభ్రం చేయమన్నది మేమే.

ఆ రోజు సాయంత్రం ప్రతి కేబుల్‌కూ రెండు కొసలా లేబుళ్లు అంటించాను. పెట్టె తలుపు లోపలివైపు ఒక కాగితం: ఏ పోర్టు ఎవరిది, సర్వర్, ప్రింటర్ల అడ్రసులు, లైను ఇచ్చేవాళ్ల కస్టమర్ నంబరు. వలయాలనూ దొంగ డీహెచ్‌సీపీనీ తానే అడ్డుకునే మేనేజ్డ్ స్విచ్చుకు కొటేషన్ తెప్పించి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను. ధర చూసి ఆయన, "లేబుళ్లు బాగున్నాయి కదయ్యా, ఇంకెందుకు?" అన్నారు. కొటేషన్ ఇంకా అక్కడే ఉంది.

ప్రస్తుతం రిజిస్టరులో తేలనిది ఒక్కటే. మీటింగ్ గదిలో వీడియో కాల్ ఒంటిగంట ప్రాంతంలో తెగిపోతోంది. పాతకాలపు సున్నపు గోడల మందం వల్ల ఆ గదికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే గట్టిగా అందుతుంది. అందులో ఒకదానితో ఒకటి తగలకుండా వాడుకోగలిగిన ఛానెళ్లు 1, 6, 11, మూడే. చుట్టుపక్కల ఆఫీసుల రౌటర్లన్నీ వాటి మీదే ఉన్నాయి. అది ఒక అనుమానం. ఒంటిగంటకు పక్క పాంట్రీలో అందరూ మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడి చేసుకుంటారు, ఓవెన్ కూడా దాదాపు ఆ తరంగాల మీదే పనిచేస్తుంది. అది రెండో అనుమానం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు కాబట్టి ముందు ఛానెల్ ముట్టుకోకుండా, కాల్స్ లేని సాయంత్రం వేళ ఓవెన్‌లో గిన్నెడు నీళ్లు పెట్టి చూస్తాను. కారణం ఓవెనే అయితే మీటింగ్ గదికి కేబుల్ లాగాలి. అన్నం చల్లగా తినండని ఆఫీసుకు చెప్పే ధైర్యం నాకు లేదు.